తొమ్మిది బండలు

మా ఇంటికీ వదినె ఇంటికీ నడుమ గోడ లేదు. తొమ్మిది బండలు ఉండేవి.

తాండూరు బండలు. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు వదినె పెనిమిటి వాటిని లారీ మీద వేసుకొచ్చాడు. వరుసకు నాకు అన్న. తాండూరు దగ్గర బండల లారీలకు హమాలీ చేసేవాడు. మూలలు విరిగి, పాలిష్‌కు పనికిరాని బండలని సేటు ఊరికే ఇచ్చాడట. ఆయనా మా బాపూ కలిసి ఒక ఆదివారం మూరెడు లోతు కాలువ తవ్వి, బండల్ని నిలువునా పాతి, సందుల్లో సున్నం మెత్తారు. మా దిక్కు సున్నపురాయి భూమిలోనే పలకలు పలకలుగా ఉంటుంది. అటు కర్ణాటకలో షాబాదు దాకా అదే రాయి. అందుకే తాండూరు, బషీరాబాద్ పల్లెలకు పోతే ఇంట్లో పరుపు బండే, బయట అరుగు బండే, దొడ్డి చుట్టూ కంచె కూడా బండే. పరిగిలో అంతగా కనపడదు కానీ, మా గల్లీలో మాత్రం ఆ తొమ్మిదీ ఉండేవి.

రొమ్ము ఎత్తు వచ్చేవి. వాటి మీదుగా అటు నుంచి పచ్చిపులుసు గిన్నె ఇటు వచ్చేది, ఇటు నుంచి సర్వపిండి అటు పోయేది. వదినె వెనక వాకిట్లో కరివేపాకు చెట్టు, మేక గుంజ, బోళ్ళు తోమే జాలారు. మా అవ్వ పొద్దున్నే ఒక బండకు ఆనుకొని నిలబడితే వదినె చీపురు పట్టుకొని అవతలి నుంచి ఆనుకునేది. ఇద్దరి చేతులూ ఆని ఆని ఆ బండ పైఅంచు పాలిష్ పట్టినట్టు నున్నగా అయింది. అన్న పోయిన ఏడాది వదినె ఆ బండ మీదే తల పెట్టి ఏడ్చింది. అవ్వ ఇవతలి నుంచి ఆమె తల నిమిరింది.

నేను బళ్ళో సోషల్ చెప్తాను. 2016 అక్టోబరు 11న వికారాబాద్ జిల్లా అయింది. దానితోపాటు మా పరిగిలో గజం ధర కూడా లేచింది. మాది నూటయాభై గజాల జాగా. ఆ ఏడే వెనక దిక్కు ఒక గది వేశాను. వాన నీళ్ళు రాకుండా బేస్‌మెంటు ఎత్తుగా లేపించాను. ఐదు మెట్లెక్కి పోవాలి. గదికి ఒకటే కిటికీ, వదినె వాకిలి దిక్కు. తూర్పు అదే. పొద్దు పొడిస్తే మొదటి ఎండ ఆ కిటికీలోంచే వచ్చేది. 2018లో పరిగి మున్సిపాలిటీ అయింది. మా వాడు హైదరాబాదులో డిగ్రీ చేసి వచ్చి ఆ గదిలోనే గ్రూప్-2కు చదవడం మొదలుపెట్టాడు. 2022 డిసెంబరులో నోటిఫికేషన్ వచ్చింది, 783 ఉద్యోగాలు. పరీక్ష 2023 ఆగస్టు 29న అన్నారు. కిటికీ దగ్గర కుర్చీ వేసుకొని పొద్దున ఐదింటికే లేచి కూర్చునేవాడు. నేను చాయ్ పెట్టి మెట్ల మీద ఉంచి, చప్పుడు చేయకుండా దిగి వచ్చేవాణ్ణి.

ఆ చలికాలంలో ఒకనాడు అవ్వ ఆ మెట్లెక్కింది. మోకాళ్ళ నొప్పితో గడప దాటడమే కష్టమైన మనిషి. ఎందుకెక్కిందో నేను అడగలేదు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చొని అంది.

"పిలగాని మంచం ముందటింట్లకు దెచ్చెయ్యి బిడ్డా. ఆ గది సలిగున్నది."

"వానికి వెలుతురు అక్కడనే ఉన్నదవ్వా."

"అట్లయితే కిటికీకి తడకన్న కట్టు."

"తడక కడితే వెలుతురు ఏడికెల్లి వస్తది?"

అవ్వ మళ్ళీ మాట్లాడలేదు.

ఉగాది దాటి ఐదు రోజులకు, నేను బడి నుంచి వచ్చేసరికి తొమ్మిదింటిలో మూడు బండలు పీకి ఉన్నాయి. సరిగ్గా మా కిటికీ ఎదురుగా ఉన్న మూడు. ఆ తావులో ఇద్దరు మేస్త్రీలు సిమెంటు ఇటుకల గోడ లేపుతున్నారు. మర్నాటికి అది పది అడుగులు లేచింది. పొడవు తొమ్మిది అడుగులే. అటు మూడు బండలు, ఇటు మూడు బండలు ఎప్పటిలాగే రొమ్ము ఎత్తు ఉన్నాయి. నడుమ మాత్రం, మా కిటికీకి అడుగున్నర దూరంలో, మనిషికి రెండింతల ఎత్తు గోడ. గదిలో పట్టపగలు లైటు వేయాల్సి వచ్చింది.

నేను పోయి అడిగాను.

"ఏంది వదినె ఇది? గింత జాగ ఉండంగ మా కిటికీ ముంగటనే లేపినవు?"

"ఎండ కొడుతున్నది సారూ."

ముప్ఫై ఏళ్ళ నుంచి నన్ను తమ్మీ అని పిలిచే మనిషి. ఆ రోజు సారూ అంది. తల ఎత్తలేదు. మిషన్ తొక్కుతూనే ఉంది. పక్కన ఆమె బిడ్డ గుండీలు కుడుతోంది. డిగ్రీ ఆఖరి ఏడాది పిల్ల. నన్ను చిన్నాయనా అని పిలుస్తుంది, చిన్నప్పుడు మా ఇంట్లోనే ఎక్కాలు నేర్చుకుంది. ఆ పిల్ల కూడా తల ఎత్తలేదు.

పడమటి ఎండకు మా గదే అడ్డం, ఇంక ఏ ఎండ కొడుతుంది? నాకు అది పచ్చి అబద్ధమని అప్పుడే తెలిసింది. జాగా ధర పెరిగితే మనుషుల మనసులు మారడం ఊరంతా చూస్తున్నాను. హద్దురాళ్ళు రాత్రికి రాత్రి జరిగిన ఇళ్ళు మా గల్లీలోనే రెండున్నాయి. రేపు ఆ మిగతా ఆరు బండలూ పోతాయి, గోడ మా దిక్కు జరుగుతుంది, అది కబ్జా అవుతుంది అని లెక్క వేసుకున్నాను.

ఇలాంటి గోడ కథ ఒకటి నాకు తెలుసు, పిల్లలకు కూడా చెప్పేవాణ్ణి. 1870లలో అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో గుట్ట మీద చార్లెస్ క్రాకర్ అనే రైల్వే కోటీశ్వరుడు మేడ కట్టుకున్నాడు. చుట్టుపక్కల జాగాలన్నీ కొన్నాడు, ఒక్క యంగ్ అనే ఆయన ఇల్లు తప్ప. ఆయన అంత్యక్రియలు జరిపించే వ్యాపారం చేసేవాడు, చెప్పిన ధరకు ఇయ్యనన్నాడు. దాంతో క్రాకర్ ఆ ఇంటికి మూడు దిక్కులా నలభై అడుగుల ఎత్తు చెక్క గోడ లేపాడు. ఆ ఇంట్లో వాళ్ళకు ఎండా గాలీ పోయాయి. కక్ష గోడ అని దానికి పేరు పడింది. 1913లో కాలిఫోర్నియా చట్టమే చేసింది: పక్కవాణ్ణి ఏడిపించడానికి అవసరం లేకుండా పది అడుగులు దాటించి కట్టే కంచె న్యూసెన్సేనని. అప్పటిదాకా దాన్ని పాఠంలా చెప్పిన నేను, ఆ ఎండాకాలం రాత్రుళ్ళు ఆ మూడు గోడల నడుమ ఇంట్లో యంగ్‌నై పడుకున్నాను.

వికారాబాద్ కోర్టు దగ్గర నాతో చదువుకున్న వకీలు ఉన్నాడు. కాగితాలు పట్టుకొని పోయాను. ఆయన ఓపికగా చెప్పాడు.

"వెలుతురు మీద హక్కు రావాలంటే ఆ కిటికీలకెల్లి ఇరవై ఏండ్లు అడ్డం లేకుండ వెలుతురు వచ్చి ఉండాలె. నీ గది ఏసి ఏడేండ్లాయె. ఆ దారిల కేసు నిలవది."

"మరి వాళ్ళ ఇష్టమొచ్చినట్టు లేపుకోవచ్చునా?"

"పర్మిషన్ ఉన్నదా లేదా, హద్దుల ఉన్నదా లేదా, గోడ గట్టిదా కాదా, ఈ మూడు చూడాలె. గానీ ఇంకో మాట జెప్త. మన చట్టంల కిటికీ మీద గూడ ముచ్చట ఉన్నది. పక్కింటోళ్ళ మరుగు తావు కనపడేటట్టు కొత్త కిటికీ పెట్టొద్దని ఒక ఊరి ఆచారం ఉంటే, అది హక్కే అయితదని 1882 ఈజ్‌మెంట్ల చట్టంలనే ఉదాహరణ రాసిండ్రు. 1888ల అలహాబాద్ హైకోర్టుకు గసువంటి కేసే పోయింది. పక్కాయన కొత్తగ వసారా, తలుపులు పెట్టిండు, మా ఆడోళ్ళ తావు కనపడుతున్నదని ఒకాయన లేసిండు. ఆ ప్రాంతాల ఆచారం ఉన్నది కాబట్టి హక్కు ఉన్నదని కోర్టు చెప్పింది. రేపు వాళ్ళు నీ కిటికీని అడుగుతరేమో, చూసుకో."

"అది పరదాల కాలం నాటి ముచ్చట" అన్నాను. అక్కడితో ఆ మాట వదిలేశాను.

పర్మిషన్, హద్దు, గట్టితనం. ఆ మూడు మాటలే పట్టుకొని వచ్చాను. ఇంటి కాగితాలు తీశాను. 2019 మున్సిపల్ చట్టం చదివాను, అనుమతి లేని కట్టడాన్ని నోటీసు ఇవ్వకుండానే కూల్చే అధికారం అందులో ఉంది. 2012 నాటి 168 జీఓ చదివాను, ఏ సైజు ప్లాటుకు ఏ దిక్కు ఎంత ఖాళీ వదలాలో పట్టికలు పట్టికలుగా ఉన్నాయి. ఈ నియమాలంటే నాకు గౌరవం. బలం ఉన్నవాడి గోడకూ బలం లేనివాడి గోడకూ ఒకే టేపు పెట్టేవి అవే కదా. లేకుంటే మా లాంటి ఊళ్ళలో హద్దు అంటే ఎవరి గొంతు పెద్దదో వాళ్ళదే. దరఖాస్తు రాసేటప్పుడు నా చెయ్యి వణకలేదు. నా కొడుకు వెలుతురు కోసం రాస్తున్నాననే అనుకున్నాను.

వాడు మాత్రం గోడ గురించి ఒక్క మాట అనలేదు. నేను వదినెను తిడితే లేచి గదిలోకి పోయేవాడు. పెద్దవాళ్ళ గొడవలో తల దూర్చని మంచితనం అనుకున్నాను.

అవ్వ కూడా గోడ గురించి మాట్లాడలేదు. ఒకరోజు కాళ్ళు చాపుకొని కూర్చుంటే చూశాను. కడియాలు లేవు. ముప్ఫై తులాల వెండి కడియాలు. ఆమె పెండ్లినాటివి. బాపు పోయినప్పుడు గాజులు తీశారు గానీ వాటిని తీయనియ్యలేదు.

"కడియాలేవవ్వా?"

"కాళ్ళు ఉబ్బుతున్నయి. తీసి పెట్టిన."

కాళ్ళు ఉబ్బినట్టు నాకు కనపడలేదు. అయినా నా మనసంతా గోడ మీదే ఉంది.

మే నెలలో మున్సిపల్ ఆఫీసు నుంచి ఒకాయన టేపు పట్టుకొని వచ్చాడు. చిన్న వయసు, మర్యాద తెలిసినవాడు. ముందు నా గది కొలిచాడు.

"ఇప్పటి లెక్కల ప్రకారం మీ జాగాకు పక్కల మీటరు వదలాలె సారు. మీరు అడుగున్నర వదిలిండ్రు."

"పంచాయతీ ఉన్నప్పుడు కట్టింది" అన్నాను. ఆయన రాసుకొని గోడ దగ్గరికి పోయాడు.

బండ మందం రెండంగుళాలు. దాని తావులో పెట్టిన ఇటుక ఆరంగుళాలు. ఆ ఎక్కువైన నాలుగు అంగుళాలూ మా దిక్కే వచ్చాయి. బెత్తెడు. దానికి తోడు పది అడుగుల గోడకు పిల్లర్ లేదు, పునాది మూరెడే. గాలివానకు ఎటు పడుతుందో చెప్పలేం అన్నాడు. ఆయన చెప్పిన ప్రతి మాటా న్యాయమే.

"ఇంత ఎత్తు ఎందుకు లేపినవమ్మా? పర్మిషన్ అడిగితే పద్ధతి చెప్తుంటిమి కద."

వదినె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడింది. అప్పటికే గల్లీలో నలుగురు పోగయ్యారు. ఆమె వాళ్ళ వంక చూసింది. మా గుమ్మంలో నిలబడ్డ అవ్వ వంక చూసింది. తర్వాత అదే మాట అంది.

"ఎండ కొడుతదని సారూ."

గల్లీలో ఎవరో నవ్వారు. ఆఫీసాయన వారం గడువు ఇచ్చాడు. ఆమె మూడో రోజే, మేస్త్రీని కూడా పిలవకుండా, తనే గడ్డపార పట్టుకొని పైవరస నుంచి ఒక్కొక్క ఇటుకా ఊడదీసింది. బిడ్డ కిందుండి అందుకుంది. పీకిన మూడు బండల్లో ఒకటి అప్పుడే విరిగింది, రెండే మళ్ళీ పాతారు. మూడోదాని తావు ఖాళీగా ఉండిపోయింది. సాయంత్రానికి మా గదిలోకి కరివేపాకు చెట్టు గాలి వచ్చింది. నేను కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచి, మా వాడి భుజం మీద చెయ్యి వేసి, "ఇంక చదువుకో నాయినా" అన్నాను. వాడు పుస్తకంలోంచి తల ఎత్తకుండా ఊ అన్నాడు.

మర్నాడు వదినె జాలారు చుట్టూ నాలుగు కట్టెలు పాతి పాత చీరలు కట్టింది. జూన్ గాలులకు అవి రెండుసార్లు ఎగిరిపోయి మా వాకిట్లో పడ్డాయి. రెండుసార్లూ అవ్వే ఏరి, మడత పెట్టి, బండ మీద పెట్టింది. ఆ నెలలోనే ఆ పిల్లను తాండూరులో మేనమామ ఇంటికి పంపారని తెలిసింది. డిగ్రీ పరీక్షలు అక్కడి నుంచే వచ్చి రాసి పోయిందట. పోయేటప్పుడు చిన్నాయనా పోయొస్తా అని చెప్పలేదు. నాకు బాధ కలిగింది. గోడ గొడవ పిల్లల దాకా తెచ్చుకున్నారే అనుకున్నాను.

ఆ తర్వాత అవతలి ఇంట్లోంచి మిషన్ చప్పుడు కూడా ఆగిపోయింది. రాత్రి పదకొండు దాకా వినపడే చప్పుడు. ముప్ఫై ఏళ్ళు దాని లయకే మేం నిద్రపోయాం.

ఆగస్టులో గ్రూప్-2 నవంబరుకు వాయిదా పడింది. ఆ కబురు వచ్చిన నాలుగైదు రోజులకు, పొద్దు గూకే వేళ, వదినె మా ఇంటికి వచ్చింది. బండల దగ్గరికి కాదు, గల్లీ చుట్టూ తిరిగి ముందు గుమ్మానికి వచ్చింది. కొత్తవాళ్ళు వచ్చినట్టు చెప్పులు బయట విడిచి, లోపలికి వచ్చి, మంచం మీద కూర్చున్న అవ్వ కాళ్ళ దగ్గర కూర్చుంది. కొంగు ముడి విప్పింది.

కడియాలు.

"కుదువ ఇడిపించిన అత్తా. మిషన్ అమ్మిన" అంది. "గోడనే లేనప్పుడు దాని కోసరం ఇచ్చిన నీ సొమ్ము నా కాడ ఎందుకు?"

నాకు మొదట అర్థం కాలేదు. కడియాల మధ్యలో కుదువ దుకాణం చీటీ మడతపెట్టి ఉంది. తీసి చూశాను. ఉగాదికి రెండు రోజుల ముందటి తారీఖు. పేరు మా అవ్వది. కింద నిశాని మా అవ్వది.

"గోడకు పైసలు నువ్విచ్చినవా అవ్వా?"

"నేనే ఇచ్చిన. ఎంత ఎత్తు లేపాల్నో గూడ నేనే జెప్పిన."

"మన కిటికీకే అడ్డమా? ఎందుకవ్వా?"

వదినె గబుక్కున అవ్వ మోకాలు పట్టుకుంది. "ఊకో అత్తా. ఇంక పిల్ల ఇక్కడ లేదు గద. నీ కాళ్ళు మొక్కుత, ఊకో."

అవ్వ నా ముఖం చూడలేదు. వెనక గది మెట్ల వంక చూస్తూ, గొంతు తగ్గించి అంది.

"తడక కట్టుమన్న, కట్టకపోతివి. మంచం దెచ్చెయ్యమన్న, తేకపోతివి. నా కొడుకు ఇజ్జత్ పోవద్దని ఆమె గల్లీల అందరి ముంగట ఎండ కొడుతున్నదన్నది. ఆ పిల్ల వానికి చెల్లె వరుసైతది బిడ్డా."

ఇంట్లో ఎవరమూ కదలలేదు. వెనక గదిలో కిటికీ రెక్క మెల్లగా మూసుకున్న చప్పుడు వినపడింది.